ఇంకా ఎన్ని రోజులు సారూ?

భద్రాచలం ఏజెన్సీలో వానాకాలమంటే జ్వరాల కాలం. 2022 జూలైలో గోదావరి ఇక్కడ 71 అడుగులు దాటింది. అలాంటి వరద తాగే నీళ్లలో కలిస్తే టైఫాయిడ్ పొంచి ఉంటుంది. చర్ల, దుమ్ముగూడెం గూడేల నుంచి, ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి కూడా రోగులు భద్రాచలం ఏరియా ఆస్పత్రికి వస్తారు. దారిలేని చోట డోలీ కట్టి మోసుకురావాల్సిందే. మంచం మీదున్న మనిషిదే కాదు, తోడొచ్చిన మనిషి కూలి కూడా పోతుంది. అందుకే, "ఇంకా ఎన్ని రోజులు సారూ?" అన్నది చాలా పెద్ద ప్రశ్న.

టైఫాయిడ్ క్రిమి పేగు గోడ దాటి రక్తంలోకి చేరుతుంది. మూత్రంలో, ఊపిరితిత్తుల్లో మొదలైన ఇన్ఫెక్షన్లూ ఒక్కోసారి నెత్తురులోకి పాకుతాయి. ఇలా పాకినవాటికి చాలా ఏళ్లుగా 14 రోజుల యాంటీబయాటిక్ వాడుతున్నారు. ఆ లెక్క ఎక్కువగా అలవాటుతో వచ్చిందే.

దాన్ని 'బ్యాలెన్స్' అనే అధ్యయనం పరీక్షించింది. 7 దేశాలు, 74 ఆస్పత్రులు, 3,608 మంది రోగులు. కొందరికి 7 రోజులు, మిగతావారికి 14 రోజులు మందు ఇచ్చారు. 90 రోజుల్లో మరణాలు 7 రోజుల వాళ్లలో 14.5 శాతం, 14 రోజుల వాళ్లలో 16.1 శాతం. అంటే వారం మందు తీసిపోలేదు. 2024 నవంబరులో ఈ ఫలితం వెలువడింది.

అయితే ఇది అందరికీ కాదు. స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే మొండి క్రిమి పట్టినవారిని, కృత్రిమ గుండె కవాటాలున్నవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు. టైఫాయిడ్ లెక్క వేరు: అజిత్రోమైసిన్ గోలీలైతే సాధారణంగా 7 రోజులు, సెఫ్ట్రయాక్సోన్ సూదులైతే 10 నుంచి 14. వరిమడి మట్టిలో ఉండే మెలియాయిడోసిస్ క్రిమికైతే కనీసం 10 రోజుల సూదిమందు తర్వాత నెలల తరబడి గోలీలు మింగాలి.

మరి సూదా, గోలీనా? సెలైన్ ఎక్కితేనే రోగం దిగుతుందన్న నమ్మకం మన్యంలోనే కాదు, ఖమ్మం పట్టణంలోనూ గట్టిగానే ఉంది. నిజానికి కొన్ని మందులు నోటితో మింగినా దాదాపు అంతే మోతాదులో రక్తానికి అందుతాయి. జ్వరం తగ్గి, అన్నం ఇముడుతుంటే, క్రిమి ఆ మందుకు లొంగేదైతే డాక్టరు గోలీలకు మార్చవచ్చు. చేతికి గుచ్చిన సూది ఎన్ని రోజులుంటే అక్కడ వాపు, కొత్త ఇన్ఫెక్షన్ భయం అంత ఎక్కువ.

క్రిమి ఏదో తేల్చేది బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ ఒంట్లో పడ్డాక తీసిన రక్తంలో క్రిమి దొరక్కపోవచ్చు. కాబట్టి తగ్గని జ్వరంతో ఆస్పత్రికి వెళ్తే, మొదటి సూది వేసే ముందే కల్చర్‌కు రక్తం తీస్తారా అని అడగండి. మధ్యలో మందు మీరుగా ఆపకండి; ఎన్నాళ్లు వాడాలో డాక్టరుతోనే తేల్చుకోండి.