ఇంటి కింద గాలి ఎందుకు తడుస్తుంది?

నార్త్ కరోలినాలో రాలీ, కేరీ, షార్లెట్ చుట్టుపక్కల పాత ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు జూన్ రాగానే ఒక చిక్కు మొదలవుతుంది. ఇంట్లో ముక్కిన వాసన. కార్పెట్ కడిగించినా పోదు, బాత్‌రూమ్‌లో ఎక్కడా లీకు కనబడదు. కొన్నిళ్లలో చెక్క నేల పలకల అంచులు పైకి లేచి, నడుస్తుంటే అరికాలికి తగులుతాయి. ఆ వాసన ఎక్కణ్నుంచి వస్తోందో తెలియక కొవ్వొత్తులు, సెంటు డబ్బాలు కొంటూ ఏళ్లు గడిపేస్తారు. చాలా ఇళ్లలో దాని మూలం నేల కింద ఉంటుంది.

మన ఊళ్లలో పునాది గోడల మధ్య మట్టీ ఇసుకా నింపి, దిమ్మిస కొట్టి, దానిమీద గచ్చు వేస్తారు. కింద ఖాళీ ఉండదు. అందుకే మనవాళ్లకు ఇంటి కింద మరో గది లాంటిది ఉంటుందన్న ధ్యాస రాదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోని పాత ఇళ్లలో పునాది గోడల మీద చెక్క దూలాలు పరిచి, వాటి మీద నేల వేస్తారు. దూలాలకూ కింది మట్టికీ మధ్య మనిషి పాకుతూ వెళ్లేంత ఖాళీ వదులుతారు. అదే క్రాల్ స్పేస్. నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు, చాలా ఇళ్లలో ఏసీ డక్టులు కూడా అందులోనే. పునాది గోడకు చుట్టూ చిన్న చిన్న జాలీలు ఉంటాయి, గాలి ఆడడానికి.

గాలి ఆడుతుంటే చెమ్మ ఆరిపోవాలి కదా?

అందరూ అడిగేది ఇదే, అడగవలసిందీ ఇదే. బట్టలు ఆరేసినా, ధాన్యం ఎండబోసినా గాలి తగిలితే తడి పోవడం మనం చిన్నప్పటి నుంచి చూసిందే. అమెరికాలో ఇంటి నిర్మాణ నిబంధనలు రాసినవాళ్లూ అలాగే అనుకున్నారు. ప్రతి 150 చదరపు అడుగుల నేలకు ఒక చదరపు అడుగు జాలీ ఉండాలన్న లెక్క దశాబ్దాల పాటు నడిచింది. అప్పటి ఇళ్లకు అది పెద్దగా చెడు చేయలేదు. ఏసీ లేదు, కిటికీలు తెరిచే ఉంచేవారు, నేల కింద చల్లటి డక్టులు లేవు. ఇంటి లోపలా బయటా వేడి దాదాపు ఒక్కటే.

ఏసీ వచ్చాక లెక్క తలకిందులైంది. గాలి ఎంత వేడిగా ఉంటే అంత నీటి ఆవిరిని మోయగలదు. చల్లబడితే మోయలేక దింపేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకు బయట నీళ్లు పట్టేది ఇందుకే.

రాలీలో ఒక జూలై మధ్యాహ్నం తీసుకుందాం. బయట 32 డిగ్రీల సెల్సియస్, తేమ 55 శాతం. ఈ గాలి జాలీల్లోంచి ఇంటి కిందికి వెళ్తుంది. అక్కడ మట్టి చల్లగా ఉంటుంది, పైన ఏసీ నడుస్తుంటుంది కాబట్టి దూలాలూ చల్లగా ఉంటాయి. గాలి 23 డిగ్రీలకు దిగిందంటే, కొత్తగా ఒక్క చుక్క నీరు కలవకుండానే, అందులో తేమ 93 శాతం దగ్గరికి చేరుతుంది. 22 డిగ్రీల కంటే చల్లగా ఉన్న డక్టుకో గొట్టానికో తగిలితే చుక్కలు కడుతుంది. అంటే ఎండాకాలంలో ఆ జాలీలు ఇంటి కింద తడిని ఆర్చడం లేదు, బయటి తడిని లోపలికి తెచ్చి పోస్తున్నాయి. పగలూ రాత్రీ, మే నుంచి సెప్టెంబరు దాకా. ఫ్యాన్లు బిగించి ఇంకా ఎక్కువ గాలి లాగితే ఇంకా ఎక్కువ తడి వస్తుంది.

దీన్ని లెక్కల్లోనే కాక ఇళ్లలోనూ తేల్చి చూశారు. నార్త్ కరోలినాలోని ప్రిన్స్‌విల్ 1885లో పట్టణంగా నమోదైన ఊరు, నల్లజాతీయులే స్థాపించుకున్నది. 1999లో ఫ్లాయిడ్ తుఫాను వరదలో అది మునిగిపోయింది. ఆ తర్వాత అక్కడ ఒకే తీరుగా కట్టిన 12 ఇళ్లను రాలీకి చెందిన అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే లాభాపేక్ష లేని సంస్థ పరిశీలనకు తీసుకుంది. కొన్నింటికి మామూలు జాలీలు ఉంచారు, కొన్నింటి కింది ఖాళీని పూర్తిగా మూసేశారు. జాలీలున్న ఇళ్ల కింద, నేలమీద ప్లాస్టిక్ పరిచి ఉన్నా, ఎండాకాలమంతా తేమ ఎక్కువగానే నిలిచింది. మూసిన ఇళ్ల కింద పొడిగా ఉంది. పైగా వాటిలో చలికీ వేడికీ అయ్యే కరెంటు ఖర్చు సుమారు 15 శాతం లేదా ఇంకా ఎక్కువే తగ్గింది. ఇప్పుడు నిర్మాణ నిబంధనలు కొన్ని షరతులతో మూసిన క్రాల్ స్పేస్‌ను అనుమతిస్తున్నాయి.

కింద తడిస్తే పైన ఉన్నవాళ్లకేం?

గాలిలో తేమ 80 శాతం దాటి నిలిస్తే దూలాల మీద బూజు పడుతుంది. చెక్కలోని తేమ 20 శాతం దాటితే జాగ్రత్త పడాలి, 28-30 శాతానికి చేరి అక్కడే ఉండిపోతే కర్రను తినే శిలీంధ్రం దూలాన్ని మెత్తగా చేసేస్తుంది. తడి మట్టి, తడి కర్ర ఉన్నచోటికి చెదలూ వస్తాయి. ఇంకో సంగతి. కింది గాలి కిందే ఉండదు. గొట్టాలు పైకి వచ్చే కంతల్లోంచి, డక్టు అతుకుల సందుల్లోంచి అది ఇంట్లోకి ఎక్కుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఇంకా బడికి పోని పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటారు. ఆ గాలిని అందరికంటే ఎక్కువ పీల్చేది వాళ్లే. ఆయాసం ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

కాంట్రాక్టరు వచ్చి మందపాటి తెల్ల ప్లాస్టిక్, డీహ్యుమిడిఫైయర్, ఫోము అన్నీ కలిపి ఒకే ధర చెప్తాడు. ఒప్పుకునే ముందు వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన కురిస్తే సుమారు 2,360 లీటర్ల నీళ్లు. ఆకులతో పూడిన గట్టర్లోంచి ఆ నీళ్లు పొంగి పునాది పక్కనే పడుతుంటే, లోపల ఎన్ని వేల డాలర్లు పోసినా దండగే. గట్టర్లు శుభ్రం చేయించి, నీళ్లు దిగే గొట్టాన్ని గోడకు కొన్ని అడుగుల దూరం దాకా పొడిగించాలి. ఇంటి చుట్టూ నేల మొదటి పది అడుగుల్లో ఆరు అంగుళాలైనా బయటికి వాలి ఉండాలి. గోడకు ఆనించి పూలమొక్కలకు పోసిన మట్టి ఈ వాలును తెలియకుండానే తిప్పేస్తుంది.

తర్వాత లోపలికి వెళ్లి చూడాలి. మాస్కు, చేతితొడుగులు, తలకు లైటు ఉండాలి, సాలీళ్ల పట్ల జాగ్రత్త. బట్టల డ్రయర్ గొట్టం ఊడి వేడి తడిగాలిని అక్కడే వదులుతోందా? ఏసీ నుంచి కారే నీళ్లు మట్టిలోకే పోతున్నాయా? పాత ఇళ్లలో ఈ రెండూ చాలా మామూలు, బాగుచేయడం కూడా చవక. నీళ్లు నిలిచి ఉంటే మాత్రం ముందు వాటిని బయటికి పంపే కాలువో, పంపో కావాలి. పాత డక్టులకు, గొట్టాలకు తెల్లటి పట్టీలు చుట్టి ఉంటే ముట్టుకోకండి, ఆస్‌బెస్టాస్ కావచ్చు. పరీక్ష చేయించాకే చేయి పెట్టాలి.

మూడోది మట్టిని కప్పడం. వట్టి నేల పైకి పొడిగా కనబడినా లోపలి చెమ్మ ఆవిరై లేస్తూనే ఉంటుంది. కనీసం ఆరు మిల్లుల, అంటే 0.15 మిల్లీమీటర్ల మందం పాలిథిన్ పరచాలి. అతుకుల దగ్గర ఒక షీటు మీద ఇంకోటి ఆరంగుళాలైనా ఎక్కాలి, టేపు వేయాలి, గోడ మీదికీ ఆరంగుళాలు లేవాలి. ఇరవై మిల్లుల ఖరీదైన షీటును మధ్యలో పరిచి మూలలు వదిలేయడం కంటే, ఆరు మిల్లులది మూలమూలకూ పరచడం మేలని నా గట్టి నమ్మకం.

జాలీలు మూయడం ఆఖరి మెట్టు. పై పనులేవీ చేయకుండా జాలీలు మాత్రం మూసేస్తే మట్టి చెమ్మ లోపలే మగ్గి, పరిస్థితి ఇంకా చెడుతుంది. మూసే ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలి. గ్యాస్ హీటరో ఫర్నేసో అక్కడి గాలినే వాడుకుని మండుతుంటే జాలీలు మూయకూడదు. కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు, అది ప్రాణం తీస్తుంది. ఇల్లు వరద ప్రాంతంలో ఉంటే, వరద నీరు వచ్చి పోవడానికి పెట్టిన ద్వారాలను మామూలు జాలీల్లా మూసేయకూడదు. నేలలోంచి లేచే రేడాన్ వాయువుకు పరీక్ష ముందూ తర్వాతా చేయించాలి, లీటరు గాలికి 4 పికోక్యూరీల దగ్గర చర్య తీసుకోమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్తుంది. నాలుగోది చెదలు. ప్లాస్టిక్, ఫోము దూలాల దాకా అంటించకుండా గోడపైన మూడు అంగుళాలు ఖాళీ వదిలితే తనిఖీకి వచ్చినవాళ్లకు చెదల మట్టిదారులు కనబడతాయి.

మూశాక లోపలి గాలిని ఆర్చే సాధనం ఒకటి తప్పనిసరి. డీహ్యుమిడిఫైయర్ పెట్టి 50-55 శాతం దగ్గర ఉంచుతారు, లేదా ఏసీ గాలిని కొద్దిగా అటు వదులుతారు. ఏళ్ల తరబడి తడిసిన పాత కర్ర ఒక్కసారిగా ఎండితే పలకల మధ్య సందులు పడతాయి. అందుకే మొదట్లో 65 దగ్గర పెట్టి, వారాల మీద నెమ్మదిగా తగ్గించాలి. దూలాల మధ్య నుంచి ఊడి వేలాడుతున్న పాత ఫైబర్‌గ్లాస్‌ను తీసేసి, ఇన్సులేషన్‌ను పునాది గోడలకు మార్చుతారు.

ఇదంతా చేయించే స్తోమత ఈ ఏడు లేకపోతే గట్టర్లు, వాలు, డ్రయర్ గొట్టం, ప్లాస్టిక్, డక్టు అతుకుల వరకు చేసి ఆగండి. ఏసీని మరీ చల్లగా పెట్టకండి. పది పదిహేను డాలర్లకు దొరికే తేమ మీటరు ఒకటి క్రాల్ స్పేస్‌లో, ఇంకోటి వరండాలో పెట్టి వారానికోసారి రాసుకోండి. జూలై, ఆగస్టుల్లో లోపలి అంకె 70 దాటకపోతే మిగతా పని వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చు. వారాల తరబడి 80 పైనే ఉంటే, సూదుల మీటరుతో దూలాల్లోని తేమ కొలిచే ఇన్‌స్పెక్టర్‌ని పిలవండి, వస్తువులు అమ్మే కంపెనీకి చెందని మనిషైతే మంచిది.