మోటారే జనరేటరయ్యే క్షణం

"సార్, కేబుల్ పీకకుండానే డిస్క్ ఎట్లా ఊడిపోతది?"

డిప్లొమా తరగతిలో మోటార్ల పాఠం నడుస్తుండగా వెనక బెంచీ అమ్మాయి వేసిన ప్రశ్న ఇది. సిలబస్‌లో లేదు. జవాబు మాత్రం అప్పుడే బోర్డు మీద రాసిన సమీకరణంలోనే ఉంది.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వాడిన వాళ్లకు ఈ బాధ తెలిసిందే. పెళ్లి ఫొటోలు కాపీ అవుతుంటాయి. పెట్టెలో 'టిక్'మని చిన్న చప్పుడు, ఫోల్డరు మాయం. రెండు నిమిషాలకు మళ్లీ ప్రత్యక్షం. డిస్క్ పోయిందని ఇంట్లో అందరూ తీర్మానిస్తారు. నన్నడిగితే, ముందు అనుమానించాల్సింది డిస్కును కాదు, దానికి కరెంటు మోసుకొచ్చే కేబుల్‌ను.

అసలు ఒక పరికరం తగిలించి ఉందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకు, రెండు డేటాకు. తగిలించగానే డేటా తీగల్లో ఒకదాన్ని డిస్క్ పెట్టెలోని చిప్ 1.5 కిలోఓమ్‌ల నిరోధం ద్వారా 3.3 వోల్టుల వైపు లాగుతుంది. అది కనిపిస్తే పరికరం వచ్చినట్టు, తర్వాత తీగల మీద చిప్ జాడ పోతే పీకేసినట్టు. యూఎస్‌బీ 3.0లో కనిపెట్టే పద్ధతి వేరు గానీ ఫలితం ఒకటే. కాబట్టి కరెంటు ఒక్క క్షణం తగ్గి ఆ చిప్ రీసెట్ అయితే చాలు, ఎవరో కేబుల్ పీకారనే కంప్యూటర్ అనుకుంటుంది.

మరి కరెంటు ఎందుకు తగ్గుతుంది? ఇక్కడే ఆ సమీకరణం. మోటారు తిరుగుతున్నప్పుడు దాని చుట్టల్లోనే ఒక వోల్టేజీ పుడుతుంది, వచ్చే కరెంటును ఎదిరిస్తుంది. పాఠ్యపుస్తకం దీన్నే బ్యాక్ ఈఎంఎఫ్ అంటుంది. వేగం పెరిగేకొద్దీ ఎదురు పెరిగి, మోటారు లాగే కరెంటు తగ్గుతుంది. ఆగి ఉన్న మోటారులో ఎదురే ఉండదు. అందుకే మొదటి రెండు మూడు సెకన్లు దాని ఆకలికి అంతుండదు. బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బులు ఒక్కసారి మసకబారేది కూడా ఇందుకే.

జేబులో పట్టే 2.5 అంగుళాల డిస్క్ మొదలయ్యేటప్పుడు సుమారు ఒక ఆంపియరు అడుగుతుంది. యూఎస్‌బీ 2.0 నియమం ప్రకారం పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. చాలా పోర్టులు అంతకంటే ఎక్కువే ఇస్తాయి, అందుకే ఈ సంసారం ఇన్నాళ్లూ నడుస్తోంది. చిక్కు కేబుల్‌తో వస్తుంది. చవక కేబుల్‌లోని సన్నని 28 గేజ్ తీగకు మీటరుకు 0.21 ఓమ్ నిరోధం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, అంటే మీటరు కేబుల్‌కు దాదాపు 0.43 ఓమ్. ఒక ఆంపియరు పారితే 0.43 వోల్టు దారిలోనే ఖర్చు. పోర్టు దగ్గర 4.75 వోల్టులే ఉంటే డిస్కుకు చేరేది 4.32. చాలా డిస్కులు 5 వోల్టులకు అటూ ఇటూ 5 శాతం మాత్రమే ఓర్చుకునేలా తయారవుతాయి, అంటే 4.75 కంటే కిందికి దిగకూడదు. అదే 24 గేజ్ తీగయితే నష్టం 0.17 వోల్టు దాటదు. ఓమ్ సూత్రం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నే కానీ, ఇంట్లో మాత్రం పెళ్లి ఆల్బమంత విలువైనది.

నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఆ 'టిక్'. డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే పళ్లెం అంచు గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంటుంది. చదివే హెడ్ దాన్ని తాకదు. పళ్లెంతో పాటు తిరిగే గాలి పొర మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. కరెంటు పోతే పళ్లెం నెమ్మదిస్తుంది, గాలి పొర బలహీనపడుతుంది, హెడ్ అద్దంలాంటి ఆ ఉపరితలం మీద పడి గీస్తుంది. ఆలోపే అది పళ్లెం అంచు పక్కనున్న ప్లాస్టిక్ వాలు మీదికి ఎక్కేయాలి. ఎక్కించాలంటే దాని చేతిని కదిలించే కాయిల్‌కు కరెంటు కావాలి. పోయింది ఆ కరెంటే!

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం చూడండి. కరెంటు పోయినా పళ్లెం ఒక్కసారిగా ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. తిరిగే మోటారులో ఎదురు వోల్టేజీ ఉండనే ఉంది. ఇంతసేపూ కరెంటుకు అడ్డుపడిన ఆ వోల్టేజీయే ఇప్పుడు ఆధారం. మోటారు మూడు చుట్టల నుంచి వచ్చే ఏసీని సర్క్యూట్ డీసీగా మార్చి నేరుగా చేతి కాయిల్‌కు పంపుతుంది. పళ్లెం తన ఊపునే కొంత కరెంటుగా మార్చి హెడ్‌ను వాలు మీదికి నెట్టేస్తుంది. ఆ 'టిక్' ఇదే. సెకనులో కొంత భాగంలోనే పని ముగుస్తుంది. మొదట్లో కరెంటు కోసం అంతగా ఎగబడ్డ మోటారే చివర్లో జనరేటరై ప్రాణం నిలుపుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది.

ఇక చరిత్ర రెండు ముక్కల్లో. 1956లో ఐబీఎం తెచ్చిన ర్యామాక్ అనే డిస్క్ యంత్రంలో 24 అంగుళాల పళ్లాలు 50. వాటన్నిటికీ కలిపి ఉన్న రెండు హెడ్లను తేల్చడానికి కంప్రెసర్ గాలి ఊదేది. తర్వాతి యంత్రాల్లో పళ్లెం తిప్పే గాలే సరిపోయింది. 1973 నాటి 'వించెస్టర్' డిస్క్‌లో హెడ్ పళ్లెం మీదే దిగి, అక్కణ్నుంచే లేచేది. ఎనభైల నాటి పీసీని మరో గదికి మోసే ముందు 'పార్క్' అని ప్రోగ్రాము నడపాల్సి వచ్చేది, లేదంటే దారిలో హెడ్ ఎక్కడ కొట్టుకుంటుందోనని భయం. వాలు పద్ధతి తొంభైల్లో ల్యాప్‌టాప్ డిస్కుల్లోకి వచ్చింది.

కరెంటు పోయి హెడ్‌ను ఇలా అర్ధాంతరంగా వెనక్కి లాగిన ప్రతిసారినీ చాలా డిస్కులు లెక్కరాసుకుంటాయి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే 'స్మార్ట్' సమాచారం చూపే ఏ ప్రోగ్రాములోనైనా 192వ అంశం చూడండి, దాని పేరు పవర్-ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్. లెక్కించే తీరు కంపెనీని బట్టి మారుతుంది, ఎజెక్ట్ నొక్కకుండా పీకినా అంకె పెరుగుతుంది. అందుకని అంకె కన్నా అది పెరిగే తీరు ముఖ్యం. డిస్క్ ఊడినప్పుడల్లా ఇది ఒకటి పెరుగుతూ, పాడైన సెక్టార్లను లెక్కించే 5, 197 అంశాలు సున్నా దగ్గరే ఉంటే, దాదాపుగా దోషం కరెంటుదే. పొట్టి, లావు కేబుల్ మార్చండి. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టు వదిలి మదర్‌బోర్డు మీది వెనక పోర్టులో పెట్టండి. సొంత అడాప్టరున్న హబ్ అయితే ఇంకా మేలు. కాసేపు వాడకుండా వదిలేసి మళ్లీ తెరిచినప్పుడే ఊడుతుంటే, నిద్రపోయిన మోటారు తిరిగి లేచేటప్పటి ఆకలే కారణం కావచ్చు. లేదా కరెంటు ఆదా పేరుతో విండోస్ ఆ పోర్టును జోకొడుతోంది, ఆ సెట్టింగ్ ఆపేయండి.

మంచి కేబుల్‌తోనూ టిక్ టిక్‌మని వరసగా కొట్టుకుంటూ, 197 పెరుగుతుంటే అది వేరే జబ్బు. డిస్కును సరిచేసే విండోస్ ప్రోగ్రాము చెక్‌డిస్క్ జోలికి పోకుండా ముఖ్యమైన ఫైళ్లు ముందు బయటికి తీయండి. కేబుల్ కదిపితేనే ఊడుతుంటే సాకెట్ వదులైనట్టు. పాత పెట్టెల్లో నయం, స్క్రూలు విప్పి లోపలి డిస్కును డెస్క్‌టాప్ సాటా కేబుల్‌కు తగిలిస్తే తప్పు పెట్టెదో డిస్కుదో ఇట్టే తేలేది. ఇప్పటి చాలా డిస్కుల్లో యూఎస్‌బీ సాకెట్‌ను డిస్క్ బోర్డు మీదే టంకం పెట్టేస్తున్నారు. సాటా కనెక్టరే ఉండదు. తయారీదారుకు కొన్ని రూపాయలు మిగులుతాయి, మనకేమో నిక్షేపంలాంటి డిస్క్ ఒక వదులు సాకెట్ వెనక చిక్కుకుపోతుంది.