ఆరు దినాల చాకిరీ, ఏడవ దినపు విశ్రాంతి

అబ్దుల్లాపూర్‌మెట్: ఆదివారం తెల్లవారగానే ఇక్కడి విజయవాడ రోడ్డు మీద రెండు రకాల ప్రయాణాలు కనిపిస్తాయి. ఉతికిన బట్టలు కట్టుకొని, బైబిలు చేతబట్టి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ప్రార్థనకు పోయే కుటుంబాలు కొన్ని. అదే వేళకు టిఫిన్ క్యారియరుతో డ్యూటీకి పోయేవారు మరికొందరు. ఈ ప్రాంతంలో 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ వంటి చోట్ల సెలవు నాడే సందర్శకుల సందడి. లోకానికి విశ్రాంతి దొరికిన రోజే హోటలు పనివారికి, డ్రైవర్లకు, కాపలాదారులకు ఊపిరి సలపని పని. ఒకే ఇంట భార్య ప్రార్థనకు, భర్త డ్యూటీకి పోవడమూ కద్దు.

పని మానితే కూలి పోతుంది. మానకపోతే మనశ్శాంతి పోతుంది. ఈ చిక్కు నేటిది కాదు. ఇదే రోడ్డు పట్టి కోస్తాకు దిగి ఒంగోలు పల్లెలకు పోతే, నూట యాభై ఏళ్ల కిందట ఇదే చిక్కులో పడి, నష్టపోయి కూడా నిలబడిన కూలీల కథ తెలుస్తుంది.

మూడే నియమాలు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరారు. ఆయన వద్దకు తొలినాళ్లలో వచ్చినవారిలో ముఖ్యుడు తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య. ఆయన వెంట మాదిగ పల్లెలు కదిలాయి. విశ్వాసంలోకి వచ్చిన వారికి పెట్టిన నియమాలు మూడే. విగ్రహాలను కొలవరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. ఆదివారం పని చేయరాదు.

చివరిది వినడానికి చిన్నదే. కాని ఊరు ఉలిక్కిపడింది అక్కడే. తోళ్లు ఊనడం, మోటకు తోలుతొండం కుట్టడం, చెప్పులు కుట్టడం, కోతలకు పోవడం, ఇలా పిలిచిన క్షణాన పోవలసినవారు ‘ఇవాళ కాదు, రేపు వస్తాం’ అన్నారు. కోతల వేళ ఆ మాట ఆసాములకు గిట్టలేదు. చాలాచోట్ల వారికి పనులు లేకుండా చేశారు. కుమ్మరి కుండ ఇవ్వకుండా, చాకలి బట్ట ఉతక్కుండా కట్టడి చేశారు. అయినా ఆ పల్లెలు వెనుదిరగలేదు.

వారు కోరింది బద్ధకానికి సెలవు కాదు. తమ ఒంటి మీద తమకూ వారానికొక రోజు హక్కుండాలన్నదే వారి మాట. విశ్రాంతిదినపు ఆజ్ఞ యజమానికే చెప్పినది కాదు. దాసునికి, దాసికి, పశువుకు, ఇంట నిలిచిన పరదేశికి కూడా ఆ విశ్రాంతి దక్కాలని అందులో ఉంది. ఆరు దినాలు పాటుపడమని చెప్పినదీ అదే ఆజ్ఞ. పనీ దైవకార్యమే, విశ్రాంతీ దైవకార్యమే.

కాలువ గట్టున

1876-78 మధ్య మహాకరవు వచ్చింది. యౌవనంలో సర్వే పని నేర్చిన క్లౌ దొర, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని చూపారు. బోధకులే మేస్త్రీలయ్యారు. కూలీలు పలుగూ పారా దించి సేదదీరే వేళ వారికి వాక్యం చెప్పేవారు.

గమనించదగిన విషయం మరొకటి. ఆ కరవు కాలంలో ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టు. సహాయ పనులు ఆగిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నది వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూలి చెమటకు చెల్లవలసినది, విశ్వాసం మనసుకు సంబంధించినది అన్న తేడా ఆ కాలువ గట్టున చెరిగిపోలేదు.

మన తెలంగాణలోనూ కరవు రోజుల్లో చార్లెస్ పోస్నెట్ దొర ఆకలిగొన్నవారికి నిర్మాణపు పని కల్పించారు. ఆ చేతులు కట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమయింది.

నేటి లెక్క

బొంబాయి మిల్లు కార్మికులకు నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాటంతో 1890లో ఆదివారపు సెలవు దక్కింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికొక విశ్రాంతి దినాన్ని ఖాయం చేసింది. కాని రోజు కూలీకి సెలవంటే ఆనాటి పొయ్యి వెలగకపోవడమే. ‘దేవుణ్ణి నమ్ముకొని పని మానుకో’ అని అతనికి సలహా చెప్పడం సులభం. అతని ఇంటి బియ్యం ఖర్చు చూడడమే కష్టం.

డేరాలు కుట్టి పొట్ట పోసుకొన్న పౌలు అపొస్తలుడూ, వడ్రంగి ఇంట పెరిగిన యేసూ కాయకష్టం ఎరిగినవారే. కాబట్టి ఆదివారం డ్యూటీలో ఉన్నవాడు విశ్వాసం తక్కువవాడని తలచనక్కరలేదు. అతనికి ఆదివారం కాకుంటే మంగళవారమైనా, ఒక పూర్తి రోజు దక్కాలి. ఆ రోజు పిల్లలతో అన్నం తిని, ప్రార్థించుకొని, తనివితీరా నిద్రపోగలిగితే మరునాటి పని బరువనిపించదు.

అది దక్కాలంటే పని చేసేవాడి పట్టుదల ఒక్కటే చాలదు. ఆదివారం గుడి మెట్లెక్కే యజమాని తన డ్రైవరుకు, తన ఇంటి పనిమనిషికి కూలి కోయకుండా వారానికొక రోజు ఇస్తున్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆ ఆజ్ఞ మొదట తట్టేది యజమాని తలుపునే.