దుఃఖం తలరాత కాదు

పల్నాడులో బౌద్ధం అనగానే అందరూ నాగార్జునకొండ పేరే చెబుతారు. ఇక్ష్వాకుల కాలంలో అక్కడ చాంతిసిరి మహాచైత్యానికి దానాలిచ్చింది. ఉపాసిక బోధిసిరి సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించింది. ఆ లోయ సాగర్ నీళ్లలో మునిగిపోయింది. మిగిలిన శిల్పాలు మ్యూజియంలో ఉన్నాయి. మరి రొంపిచెర్ల పల్లెల్లో కూలి చేసుకునే దళితుడికి బౌద్ధంతో పనేమిటి?

బుద్ధుడు చెప్పింది నాలుగు మాటలు. దుఃఖం ఉంది. దానికి కారణం ఉంది. కారణం పోతే దుఃఖం పోతుంది. పోగొట్టే దారి ఉంది. కారణం తృష్ణ, అంటే ‘నాది, నాకే’ అనే తీరని దాహం. ‘పోయిన జన్మలో చేసుకున్న కర్మ, అనుభవించాలి’ అని మన పెద్దోళ్లకు నేర్పిన మాటకి ఇది పూర్తిగా ఎదురు.

అయితే పుట్టుకా చావూ అంతా దుఃఖమే అంటే ఇక చేసేదేముంది? ఈ ప్రశ్న అంబేద్కరే వేశాడు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన ‘ద బుద్ధా అండ్ హిజ్ ధమ్మ’లో ధమ్మాన్ని మనిషికీ మనిషికీ మధ్య సంబంధంగా వివరించాడు. మనిషి మనిషికి పెట్టే బాధ కూడా దుఃఖమే. దాన్ని పోగొట్టాల్సిందీ మనుషులే.

ఆ దారే అష్టాంగ మార్గం. దీన్ని మూడు భాగాలుగా చూడొచ్చు.

ప్రజ్ఞ: సమ్యక్ దృష్టి, సంకల్పం. కులం దేవుడు పెట్టింది కాదు, మనుషులు పెట్టిందని చూడటం, దాన్ని వదలాలని నిశ్చయించుకోవడం.

శీలం: సరైన మాట, పని, బతుకుతెరువు. విషం, మత్తు, ఆయుధాలు, ప్రాణులు, మాంసం అమ్మి బతకొద్దన్నాడు బుద్ధుడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లు పంచశీల వల్లించలేదు, కానీ అయిదో శీలం చేసే పనే చేశారు.

సమాధి: సరైన ప్రయత్నం, ఎరుక, ఏకాగ్రత. కోపం ఎక్కడ పుడుతోందో, భయం ఎక్కడ లొంగదీస్తోందో కనిపెట్టడం.

ఈ మూడోదాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కళ్లు మూసుకుంటే వాడలో ఏమీ మారదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ దుఃఖాన్ని ధ్యానం ఒక్కటే తీర్చదు. అట్లాగని శీలమూ ఎరుకా లేని పోరాటం ఎక్కువకాలం నిలవదు. మనలోనే మాల, మాదిగ అనే గీత గీస్తుంది, ఆడవాళ్లని వెనక్కి నెడుతుంది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ తన జనానికి బుద్ధుడితోపాటు 22 ప్రతిజ్ఞలు కూడా ఇచ్చింది ఇందుకే. మార్గం నమ్మడానికి కాదు, నడవడానికి. ఆ నడక మన వాడలోనే మొదలు కావాలి.