వేవిళ్ళు ఎందుకొస్తాయి?

మా ఇంట్లో అందరం తమిళంలో లాగా మసక్కై అనే అంటాం. వేవిళ్ళు అనే మాట మా అవ్వ ఒక్కతే వాడుతుంది. పీళమేడులో పుట్టి పెరిగిన నాకు ఆ మాట అర్థమైంది పోయిన ఏడు, మా వొదిన ఆస్పత్రిలో ఉన్నప్పుడు. రెండో నెల నుంచే ఆమెకి మంచినీళ్ళు కూడా ఇమడలేదు. మూడుసార్లు చేర్చి సెలైన్ ఎక్కించాల్సొచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "మేమూ కన్నాం, ఇంత గారాబం చెయ్యలేదు" అన్నారు. ఒక డాక్టరు కూడా "ఎక్కువ ఆలోచిస్తున్నావమ్మా" అన్నారు. ఆ మాటే అన్నవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. వొదిన గోడవైపు తిరిగి పడుకుంది.

అది ఆలోచన వల్ల వచ్చింది కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను.

గర్భిణుల్లో పదిమందికి ఏడుగురి దాకా వికారం ఉంటుంది. వొదినకి వచ్చిన తీవ్రమైన రకం వందలో ఒకరిద్దరికి వస్తుంది. దాని పేరు హైపరెమెసిస్ గ్రావిడారం. చాలాకాలం హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని అనుమానించారు. గర్భం వచ్చిందో లేదో చూసే పరీక్షలో బయటపడేది అదే. ఇప్పుడు వేలు జీడీఎఫ్15 అనే ప్రోటీన్ వైపు చూపిస్తోంది. ఇది మనందరి ఒంట్లో కొంచెం ఉంటుంది. గర్భం వచ్చాక మాత్రం మాయ దీన్ని బాగా ఎక్కువగా తయారుచేసి తల్లి రక్తంలోకి వదుల్తుంది. (మాయ అంటే బిడ్డకి ఆహారం అందించి కాన్పు తర్వాత బయటికొచ్చేది, వేదాంతంలో మాయ కాదు!) రక్తంలో పోయి పోయి మెదడు వెనక అడుగుభాగంలో జీఫ్రాల్ అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. తాళంలో చెవి పడ్డట్టు. అంతే, వికారం మొదలు.

దీన్ని పట్టుకున్నది మార్లీనా ఫెజో అనే అమెరికా జన్యుశాస్త్రవేత్త. 1999లో ఆమెకీ ఇదే జబ్బు వచ్చింది, గర్భం నిలవలేదు. ఆమె బాధనీ డాక్టరు కొట్టిపారేశాడట. 2018లో ఆమె బృందం వేలమంది ఆడవాళ్ళ జన్యువులు పోల్చి జీడీఎఫ్15 దగ్గరికి చేరింది. 2023 డిసెంబరులో కేంబ్రిడ్జ్‌లోని స్టీఫెన్ ఓరాహిలీ వాళ్ళతో కలిసి నేచర్ పత్రికలో అసలు సంగతి చెప్పారు.

సంగతేమంటే, ప్రోటీన్ ఎంత వచ్చింది అన్నది ఒక్కటే కాదు, తల్లి ఒంటికి అది ముందునుంచి ఎంత అలవాటు అన్నది ముఖ్యం. ఆవకాయ తిని పెరిగినవాళ్ళకి ఇంకో ముద్ద లెక్కలేదు. ఎప్పుడూ తిననివాళ్ళకి అదే ముద్ద కళ్ళనీళ్ళు తెప్పిస్తుంది. గర్భానికి ముందు జీడీఎఫ్15 తక్కువ ఉన్నవాళ్ళకి బాధ ఎక్కువ. బీటా తలసీమియా ఉన్నవాళ్ళకి అది ఎప్పుడూ ఎక్కువే, వాళ్ళని శ్రీలంకలో అడిగి చూస్తే వేవిళ్ళు చాలా తక్కువ.

అంటే మందుకి రెండు దారులు. ఒకటి, ప్రోటీన్‌నో గ్రాహకాన్నో అడ్డుకోవడం. క్యాన్సర్‌తో చిక్కిపోయేవాళ్ళలోనూ ఇదే ప్రోటీన్ పెరుగుతుంది; దాన్ని పట్టేసే పొన్‌సెగ్రోమాబ్ అనే యాంటీబాడీ ఇస్తే వాళ్ళు బరువు పెరిగినట్టు 2024లో ప్రకటించారు. గర్భిణికి ఇవ్వాలంటే మాత్రం భయం. వేవిళ్ళకని కూడా ఇచ్చిన థాలిడోమైడ్ వల్ల 1961లో అమ్మకం ఆపేలోపు వేలమంది పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగ్గా ఎదగకుండా పుట్టారు. ఆ తర్వాత కంపెనీలు గర్భిణుల మందుల జోలికే పోవడం తగ్గించాయి. అది న్యాయమో కాదో నాకు ఇంకా తేలలేదు. రెండో దారి, గర్భానికి ముందే ఒంటికి ఆ ప్రోటీన్‌ని మెల్లగా అలవాటు చెయ్యడం. ఎలుకల్లో పనిచేసింది. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ దాన్ని పెంచుతుంది కాబట్టి దానిమీద కూడా కన్నేశారు. నాకు ఈ రెండోదే నచ్చింది, బిడ్డ కడుపులో లేనప్పుడే జరుగుతుంది కదా.

ఇవేవీ ఇంకా మన ఆస్పత్రులకి రాలేదు. ఇప్పటికి సెలైన్, వాంతులు తగ్గించే మాత్రలు, విటమిన్లే. నీళ్ళు కూడా నిలవకపోయినా, ఒంటికి పోవడం తగ్గినా ఇంట్లో కూర్చోకూడదు.

వొదిన మదురై పిల్ల. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, చదవడం రాదు. అందుకని కూర్చోబెట్టి చెప్పాను. మొత్తం విని, ఆ ప్రోటీన్ పేరు తమిళ అక్షరాల్లో రాసియ్యమంది. డాక్టరుకి చూపించడానికా అని అడిగితే, "కాదు, అత్తకి" అంది.