మీ బ్లాగుకు అద్దె ఇల్లు

మా పాఠశాల విజ్ఞాన సంఘం పిల్లలు ఏడాదిపాటు ఒక బ్లాగు నడిపారు. రోజూ ఉదయం 8.30 గంటలకు వర్షమాపకంలో నీటిమట్టం చూసి ఆ అంకెను, బడి ఆవరణలో వాలిన పక్షుల ఫొటోలను అందులో పెట్టేవారు. చోటిచ్చిన సంస్థ మొదటి ఏడాది కారుచౌకగా ఇచ్చింది. రెండో ఏడాదికి నాలుగు రెట్లు అడిగింది. మేము చందాలు పోగుచేసేలోగా గడువు దాటింది, బ్లాగు మాయమైంది. వర్షపాతం అంకెలు నోటుపుస్తకంలో ఉన్నాయి కనుక దక్కాయి. ఫొటోలు పోయాయి. ముందుగా లెక్క వేసుకోకపోవడం నా పొరపాటు. ఆ లెక్క మీరైనా వేసుకోవాలని ఇది రాస్తున్నాను.

హోస్ట్ అంటే ఎవరు?

బ్లాగు ఏదో ఒక కంప్యూటరులో ఉండాలి గదా! ఎవరు ఎప్పుడు అడిగినా పుటను పంపడానికి అది రాత్రింబవళ్ళు పనిచేస్తూ ఉండాలి. దానినే సర్వర్ అంటారు. మొదటి వెబ్ సర్వర్ 1990లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ వాడిన కంప్యూటరే. ఎవరైనా పొరపాటున ఆపేస్తారేమోనని, దీన్ని ఆపవద్దని ఆయన దానిమీద ఒక చీటీ అంటించాడు. మన ఇళ్ళలో కరెంటు పోతూ ఉంటుంది. అందుకే మనం సర్వర్‌లో కొంత చోటు అద్దెకు తీసుకుంటాం. అద్దెకిచ్చే సంస్థే హోస్ట్.

ఎంత కావాలి?

ముఖ్యంగా రెండు కొలతలు చూడాలి. ఒకటి నిల్వకు చోటు. ఇది నీళ్ళతొట్టి పరిమాణం వంటిది. రెండవది నెలకు పాఠకులకు వెళ్ళే సమాచారం. ఇది కుళాయి నుంచి పట్టుకునే నీరు వంటిది.

మీ బ్లాగును రోజుకు 100 మంది, ఒక్కొక్కరు 3 పుటల చొప్పున చూస్తారనుకుందాం. నెలకు 100 × 3 × 30 = 9,000 పుటలు. పుట అర మెగాబైటు ఉంటే మొత్తం 4,500 మెగాబైట్లు, అంటే 4.5 గిగాబైట్లు. ఇప్పుడు ప్రతి పుటలో ఫోనుతో తీసిన 4 మెగాబైట్ల ఫొటోను తగ్గించకుండా పెట్టండి. పుట 4.5 మెగాబైట్లు అవుతుంది, నెల మొత్తం 40.5 గిగాబైట్లకు చేరుతుంది. తొమ్మిది రెట్లు! కనుక ఫొటోల పరిమాణం తగ్గించడమే మొదటి పొదుపు.

దోసెలా, లడ్డూలా?

2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ వంటి బ్లాగు అప్లికేషన్ మీ రాతలను డేటాబేస్‌లో దాచి, పాఠకుడు అడిగినప్పుడు పుటను తయారుచేస్తుంది. హోటల్లో అడిగాక దోసె పోసినట్లన్నమాట. దీనికి పీహెచ్‌పీ, డేటాబేస్ ఉన్న హోస్ట్ కావాలి. అందులో అన్నిటికంటే చౌక షేర్డ్ హోస్టింగ్. ఒకే మోటారుమీద పది వాటాలున్న ఇల్లు వంటిది. పక్కవాటావారు నీళ్ళు ఎక్కువగా తోడితే మీ కుళాయి సన్నబడుతుంది. వీపీఎస్ తీసుకుంటే మీ వాటా మీకే. కాని అద్దె ఎక్కువ, మరమ్మతులూ సాధారణంగా మీవే. మన లెక్క ప్రకారం రోజుకు 300 పుటలు, అంటే సగటున అయిదు నిమిషాలకు ఒకటి. దీనికి షేర్డ్ హోస్టింగ్ చాలు.

మరో పద్ధతి ఉంది. హ్యూగో, జెకిల్ వంటి ప్రోగ్రాములు పుటలన్నీ ముందే తయారుచేసి ఇస్తాయి. డబ్బాలో లడ్డూలున్నట్లే, సర్వర్ తీసి ఇస్తే చాలు. ఇలాంటి పుటలకు గిట్‌హబ్ పేజెస్ ఉచితంగా చోటిస్తుంది. బ్లాగు 1 గిగాబైటు దాటకూడదు, నెలకు వెళ్ళే సమాచారం 100 గిగాబైట్లకు లోబడి ఉండాలి. మన 4.5 గిగాబైట్లు అందులో సులువుగా ఇముడుతాయి.

ఒప్పుకునే ముందు

మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి. రెండో ఏడాది ధర అడగండి. మూడేళ్ళ మొత్తాన్ని 36తో భాగిస్తే అసలైన నెల అద్దె తెలుస్తుంది. ‘అపరిమితం’ అన్న మాట కనిపిస్తే షరతులు చదవండి. ఏ డిస్కుకైనా ఒక పరిమితి ఉంటుంది గదా! డొమైన్, అంటే బ్లాగు చిరునామా, మీ ఇంటి పెద్దల పేరుమీదనే ఉండాలి. అప్పుడు హోస్ట్‌ను మార్చినా చిరునామా మారదు.

చివరిగా, నకలు. లక్షలాది మంది సొంత పుటలు పెట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసివేసింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ సర్వర్ల భవనం ఒకటి కాలిపోయింది. నకలును కూడా ఆ భవనంలోనే ఉంచుకున్నవారు రెండూ పోగొట్టుకున్నారు. కనుక నెలకొకసారి మొత్తం బ్లాగును దించుకుని ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో దాచండి.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. మీ బ్లాగుకు ఎంతమంది వస్తారు? పుట ఎంత బరువు? నెలకు ఎన్ని గిగాబైట్లు? ఈ మూడు అంకెలు చేతిలో పెట్టుకుని అమ్మానాన్నలతో కూర్చుని హోస్ట్‌ను వెతకండి. మా పిల్లలు ఈసారి అలాగే చేశారు. పక్షుల ఫొటోలు మళ్ళీ మొదటినుంచి తీస్తున్నారు.