తేనెతో మొదలగు సంవత్సరము

గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను తెలుగు యూదులు కలరు. మాదిగ కుటుంబములవారు, ఇంటిభాష తెలుగే. ఇశ్రాయేలీయుల పది గోత్రములు కనుమరుగైనవందురే, వానిలో ఎఫ్రాయిము సంతతి తామేనని వీరి నమ్మకము. 1991లో ప్రార్థనామందిరము నెలకొల్పుకొనిరి. ఇశ్రాయేలు మాత్రము వీరి వంశకథను నేటికిని గుర్తింపలేదు.

యూదుల సంవత్సరాది రోష్ హషానాను వీరును జరుపుకొందురు. మనకు వేపపువ్వు లేనిదే ఉగాది పచ్చడి లేదు గదా. యూదుల ఆచారమున తేనెలో ముంచిన ఆపిలుముక్క ముందు, చేదు పులుపులు దూరము. అయినను అది వట్టి తీపిపండుగ కాదు. ఆనాడు దేవుడు ప్రతిమానవుని నడవడిని విచారించునట. మందిరములలో పొట్టేలికొమ్ము నూరుమారులు మ్రోగును. తీర్పు ఖాయమగుటకు పదవనాటి ఉపవాసదినమువరకు గడువు. ఈలోగా, తోటివానికి చేసిన తప్పునకు వానినే క్షమాపణ వేడవలెను. దేవుని ప్రార్థించినంత మాత్రమున అది తీరదు.